నడిచేవాళ్ల సగటు ఏడు నిమిషాలు

సగటును మించిన సంక్షేమ పథకం ఈ దేశంలో ఇంతవరకు ఎవరూ పెట్టలేదు!

దరఖాస్తు అక్కర్లేదు. ఆధార్ జిరాక్సు అక్కర్లేదు. యాప్రాల్‌లో ఒక వీధికి రోజూ నల్లా వస్తుంది, పక్క వీధికి వారానికి ఒకసారి. రెండూ కలిపి భాగించండి. అందరికీ రోజు విడిచి రోజు నీళ్లే. పక్క వీధివాళ్లు ఆ లెక్క ముందు పెట్టుకుని స్నానం చేయవచ్చు.

పేట్ బషీరాబాద్ దగ్గర హైవే మీద తెల్లవారుజామున బండ్లు ఎనభైలో పోతాయి. ఆఫీసుల వేళకు కదలవు. సగటున నలభై. మరి ఆఫీసుల వేళకు అక్కడ ఇరుక్కున్న పెద్దమనిషి హారన్ ఎందుకు కొడుతున్నట్టు? లెక్క ప్రకారం ఆయన నలభైలో పోతూనే ఉన్నాడు.

మేడ్చల్‌లో ఒక హాస్టల్. ఆదివారం కూరలో ఉప్పు రెండింతలు. సోమవారం పప్పులో ఉప్పే ఉండదు. సగటున ఆ వంటమనిషి చేయి తిరిగినవాడే కదా? పిల్లలు ఊరికే గొడవ చేస్తున్నారు.

ఇంత గొప్ప విషయం కాబట్టే అర్థశాస్త్రం చదివే పిల్లలకు డిగ్రీ మొదట్లోనే స్టాటిస్టిక్స్ నేర్పుతున్నారు. దాని వెంటే ప్రాబబిలిటీ. ఆ పుస్తకం తెరిస్తే ముందుగా ఒక నిష్పక్షపాతమైన నాణెం కనిపిస్తుంది. తర్వాత పక్షపాతం లేని పాచిక. తర్వాత ఒక సంచి, అందులో ఎర్ర బంతులు, నల్ల బంతులు. కళ్లు మూసుకుని తీయాలి. ఎంత చక్కటి లోకం! బంతికి మేనమామ ఉండడు. నాణేనికి కౌన్సిలర్‌తో పరిచయం ఉండదు.

ఒకసారి బొమ్మ పడిన సంగతి రెండోసారి ఎగరేసేటప్పుడు ఆ నాణేనికి తెలియదట. దీన్ని ఇండిపెండెన్స్ అంటారు. ఒకరి సంగతి ఒకరికి పట్టకపోవడం అన్నమాట. గేటెడ్ కమ్యూనిటీల్లో ఇది బాగా కుదిరింది. పాత ఊళ్లలోనే ఇంకా కుదరలేదు.

కుదరకపోతే ఏమవుతుందో చెబుతాను. వినండి.

తూంకుంట దాటి షామీర్‌పేట వైపు పోతుంటే కరీంనగర్ రోడ్డును ఆనుకుని నీలికొలను కౌంటీ ఉంది. పేరులోని కొలను క్లబ్‌హౌస్ వెనక టైల్స్ వేసి కట్టిందే. కౌంటీ వెనక గోడకు అవతల పాతవాడ. కొద్దిపాటి ఇళ్లు. విల్లాలు లేచిన చోట ఒకప్పుడు ఆ ఇళ్లవాళ్ల మెట్ట చెల్కలు ఉండేవి. చెల్కల మధ్య నుంచి రోడ్డెక్కడానికి ఒక బాట. గోడ కట్టేటప్పుడు బిల్డరు ఆ బాట తగిలిన చోట చిన్న ఇనుప గేటు పెట్టించాడు. ఒక మనిషి పట్టేంత. దాంట్లో దూరి, విల్లాల మధ్య సిమెంటు దారిన పోతే నేరుగా రోడ్డు.

పాతవాడలో కుర్మయ్య అనే ఆయన ఉన్నాడు. డెబ్బై దాటాయి. పెళ్లాం పోయి చాలా కాలమైంది. ఎడమ మడమ మీద షుగర్ పుండు. రోజు విడిచి రోజు రోడ్డు మీది దవాఖానకు పోయి కట్టు మార్పించుకోవాలి. నడక తగ్గించకపోతే ముందు మడమ కుళ్లుతుంది, తర్వాత పాదం పోతుంది అని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. చిన్నగేటు దారిన అయితే మధ్యలో ఒకచోట కూర్చుని, మెల్లగా పోయి రాగలడు. చుట్టూ తిరిగి పోవాలంటే పాదం మీద ఆశ వదులుకోవాలి.

ఈ సంగతి కుర్మయ్య ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఆయన మామూలు మనిషా? వయసులో గొర్రెల మంద వెంట వర్గల్ దాటి, సిద్దిపేట దాటి, ఎక్కడ గడ్డి ఉంటే అక్కడికి నడిచిన మనిషి. చుట్టుపక్కల కుర్మవాళ్లలో నడక అంటే ఆయన పేరే చెప్పుకునేవాళ్లు. అలాంటివాడు మడమ నొస్తోందని ఎలా అంటాడు? కట్టు కనిపించకుండా ఎండాకాలంలోనూ మేజోళ్లు వేసుకున్నాడు. ఎవరైనా అడిగితే దోమలన్నాడు.

గోడకు ఇవతల ఇంకో కష్టం ఉంది. కౌంటీలో కుక్కలు పెరిగాయి. అవి తిరగడానికి చోటు లేదు. చిన్నగేటు మూసేసి, అక్కడి దారిని కలుపుకుంటే మంచి డాగ్ పార్క్ అవుతుందని కొందరన్నారు. భద్రత కూడా అన్నారు. ఇద్దరు ముగ్గురు మాత్రం పాతవాడ వాళ్లు పాపం ఎటు పోతారని సణిగారు.

అసోసియేషన్ ప్రెసిడెంటు ప్రతాప్. ఇక్కడి మనిషే. తండ్రి కాలంలో భూములు, ఆయన కాలంలో ప్లాట్లు. వచ్చే మున్సిపల్ ఎలక్షన్ మీద కూడా ఒక కన్ను ఉంది. అందుకని ఎవరి చేతా మాట పడకూడదు అనుకున్నాడు. గొడవలెందుకు, శాస్త్రీయంగా తేల్చుకుందామన్నాడు. చుట్టూ తిరిగి రోడ్డెక్కడానికి పాతవాడ వాళ్లకు సగటున అరగంట దాటితే గేటు ఉంచుతాం, దాటకపోతే మూస్తాం. న్యాయంగా లేదూ?

ఆయన కూతురు అశ్రిత బీఏ ఎకనామిక్స్ రెండో సంవత్సరం. స్టాటిస్టిక్స్ పేపరుకు సర్వే ప్రాజెక్టు చేయాలి. సర్వే చేయడానికి ఏదీ దొరక్క అప్పటికే విసిగిపోయి ఉంది. తండ్రికి సర్వే కావాలి, కూతురికి ప్రాజెక్టు కావాలి.

వాళ్ల లెక్చరర్ ఫణిభూషణ్ సార్ ముందుగా ఒక నియమం చెప్పాడు. ఏ పరీక్షకైనా మొదట శూన్య పరికల్పన అని ఒకటి పెట్టుకోవాలి. ఇక్కడైతే, పాతవాడ వాళ్లకు గేటు అవసరం లేదు అనుకుని మొదలుపెట్టాలి. అవసరం ఉందని సాక్ష్యం వస్తే అప్పుడు ఆలోచించవచ్చు. రాకపోతే మొదట అనుకున్నదే ఖాయం. పిల్లలకు ఈ పాఠం ఎక్కడం కష్టమట. పాతవాడలో పుట్టినవాళ్లకు ఏం కష్టం? పుట్టిన రోజు నుంచీ వాళ్ల గురించి అందరూ అలా అనుకునే మొదలుపెడుతున్నారు.

అశ్రిత ఒక సాయంత్రం చిన్నగేటు దాటి పాతవాడకు వచ్చింది. మంచి పిల్ల. చెప్పులు విడిచి చాప మీద కూర్చుంది. ఐలమ్మ ఇంటి ముందు రేకుల పందిరి కింద వాడంతా చేరింది. ఈ ఐలమ్మ కుర్మయ్య పెళ్లానికి అక్క. ఆయన కంటే రెండేళ్లు పెద్ద. మోకాళ్లు అరిగాయి. నోరు మాత్రం అరగలేదు.

కాలేజీ ప్రాజెక్టు అని చెప్పింది అశ్రిత. గేటు సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. ముందే చెబితే జవాబులు వంకరపోతాయని సార్ అన్నాడు. అందుకని సూటిగా అడిగింది.

"తాతా, ఆ చిన్నగేటు లేదనుకో. చుట్టూ తిరిగి మెయిన్ రోడ్డుకి పోవాలంటే నీకు ఎంత టైమ్ పడ్తది?"

"ఎంతసేపు బిడ్డా. గిట్ల పోతె గట్ల."

"నిమిషాల్లో చెప్పాలె తాతా."

కుర్మయ్య చుట్టూ చూశాడు. అందరూ ఆయన నోరే చూస్తున్నారు. ఒకప్పటి నడక గుర్తున్నవాళ్లు కూడా ఉన్నారు. మేజోళ్ల కాలు వెనక్కి జరుపుకున్నాడు.

"పది రాస్కో."

"పదా?" అంది ఐలమ్మ. "గంతసేపేం జేస్తవ్ మర్ది, తొవ్వల పండుకుంటవా? నాకు ఎనిమిది, బిడ్డా."

ఆమె ఆ దారిన పోయి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలియదు. కానీ మరిది పది అన్న తర్వాత ఆమె పన్నెండు ఎలా అంటుంది?

ఇక మొదలైంది. వెనక నిలబడ్డ వీరేందర్ ఆరు అన్నాడు. అతను బండి కొన్న నాటి నుంచి కిరాణా కొట్టుకు కూడా నడవలేదు. అతనికి పోటీగా ఇంకొకడు ఐదు అన్నాడు. తుంటి విరిగి మంచం దిగని దుర్గాబాయి కిటికీలో నుంచి తన పేరు కూడా రాయమని కేకేసి ఏడు చెప్పింది. ఐదు చెప్పినవాడి తమ్ముడు నాలుగు చెప్పాడు. అంతకంటే తగ్గితే బస్సు అనుకుంటారని అక్కడ ఆగారు.

ఏ ఊరివాణ్ణి దారి అడిగినా ఇంతే. కోసు దూరం ఉన్నా అదిగో అంటాడు. దూరమంటే తన కాళ్లకు చేతకాదని ఒప్పుకున్నట్టు. వచ్చినవాళ్లను భయపెట్టినట్టు కూడా. ఈ మర్యాదలు పుస్తకంలో లేవు. నాణేలు ఒకదాని మాట ఒకటి వినవు. మనుషులు వింటారు. విని తగ్గిస్తారు.

అందరూ చెప్పాక వాడంతటికీ నెమ్మది మనిషి కుర్మయ్యే అని తేలింది. ఆయనకు మింగుడు పడలేదు. అశ్రిత కాగితాలు సర్దుకుంటుంటే పక్కకు వచ్చి, నాది కూడా ఏడు చెయ్యి బిడ్డా అని బతిమాలాడు. ఒకసారి రాసింది మార్చకూడదు తాతా అంది ఆ పిల్ల. నిజాయితీ అంటే అదీ!

తర్వాత కౌంటీ వాళ్లను అడిగింది. మీ ఇంటి నుంచి మెయిన్ రోడ్డెక్కడానికి కారులో ఎంతసేపు? అక్కడ పోటీ ఇంకో వైపు నడిచింది. స్కూల్ బస్సులన్నారు, సెక్యూరిటీ దగ్గర క్యూ అన్నారు, యూటర్న్ అన్నారు. ఒకాయన తన జీవితంలో సగం ఆ యూటర్న్‌లోనే గడిచిందన్నాడు. ఎంత ఎక్కువ చెబితే అంత పని ఉన్నవాళ్లని లెక్క.

ఫలితాలు వచ్చాయి. నడిచేవాళ్ల సగటు ఏడు నిమిషాలు. కార్లవాళ్ల సగటు ఇరవై ఆరు.

ఫణిభూషణ్ సార్ మురిసిపోయాడు. పాతవాడ జవాబులన్నీ ఏడుకు అటూ ఇటూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. ప్రామాణిక విచలనం, అంటే సగటుకు ఎవరెంత దూరం జరిగారనే లెక్క, ఇంత చిన్నగా ఉన్న డేటాను తన సర్వీసులో చూడలేదన్నాడు. అందరూ ఒకే మాట మీద ఉన్నారు, నమ్మదగ్గ జనం అన్నాడు. ఇలాంటి ఫలితం అనుకోకుండా వచ్చే అవకాశం వెయ్యిలో ఒకటి కూడా లేదని క్లాసులో చూపించాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. అనుకోకుండా రాలేదు. ఐలమ్మ వల్ల వచ్చింది.

రిపోర్టును ప్రతాప్ కౌంటీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సభ్యులు ఆశ్చర్యపోయారు. కాలినడకన పోయేవాళ్లు తమకంటే ముందు రోడ్డెక్కుతున్నారు! నిజంగా కష్టంలో ఉన్నది తామేనని ఆ రోజు వాళ్లకు తెలిసింది. తమకు ఇంకో గేటు కావాలని ఒకరు రాశారు. పాతవాడ వాళ్ల ఆరోగ్య రహస్యం ఏమిటని ఒకరు అడిగారు. జొన్నరొట్టె అని ఇంకొకరు జవాబిచ్చారు.

చిన్నగేటుకు ఒక కాగితం అంటించారు. ఒకటో తారీకు నుంచి గేటు శాశ్వతంగా మూసివేత. అభ్యంతరాలుంటే ఆదివారం పది గంటలకు క్లబ్‌హౌస్‌లో సర్వసభ్య సమావేశానికి వచ్చి చెప్పుకోవచ్చు.

వీరేందర్ చదివి వినిపించాడు. కుర్మయ్య చేయి తెలియకుండానే మడమ మీదికి పోయింది.

"పది అన్నోనివి నువ్వే గద మొదలు," అంది ఐలమ్మ.

"నేను పది అంటె నువ్వు ఎనిమిదన్నవ్ గద వదినె."

"నువ్వు ఇరవై అంటె నేను పద్దెనిమిది అందును. నన్నేం జెయ్యమంటవ్?"

ఆమె మాటలో న్యాయం ఉంది.

రెండు రోజుల తర్వాత అశ్రిత కౌంటీ లోపల ఆయన్ను చూసింది. దవాఖాన నుంచి వస్తూ ఒక విల్లా ముందు కాలిబాట అంచున కూర్చున్నాడు. మేజోడు కిందికి జారింది. తెల్లగా కట్టు. కట్టులో నుంచి ఊరిన మరక. ఏమైందంటే ఏం లేదు బిడ్డా, ఎండకు కూర్చున్న అన్నాడు. అక్కడ నీడ లేదు.

ఆ పిల్ల తెలివి తక్కువది కాదు. నేరుగా ఐలమ్మ దగ్గరికి పోయి అడిగింది. ఆమె ఒక్క మాట దాచలేదు. కుర్మయ్యకు చుట్టూ తిరగాలంటే గంట దాటుతుంది, కాలు పోతుంది, పుండు సంగతి ఎవరికీ చెప్పడు, మొండి మనిషి అంది. మరి నీకెంత అవ్వా అంటే, నాకు ఎనిమిదే అంది. బయటికి వచ్చి, అప్పటికి ఇల్లు చేరిన కుర్మయ్యను అడిగితే, తనకేం ఫరవాలేదు కానీ ఐలమ్మకు మాత్రం గంటన్నర పడుతుంది, మోకాళ్లు వంగవు, అడిగితే ఒప్పుకోదు అన్నాడు. పాతవాడలో అబద్ధాలకోరు ఒక్కడూ లేడు. తన గురించి అడగనంతవరకు!

అశ్రిత సార్ దగ్గరికి పరిగెత్తింది. ఆయన ఓపికగా విన్నాడు. ఒకరి సంగతి ఇంకొకరు చెబితే అది డేటా కాదన్నాడు. పోనీ కుర్మయ్యే వచ్చి గంట అని చెప్పాడనుకుందాం. అందరూ ఏడు దగ్గర ఉంటే ఒక్కడు అరవై దగ్గర నిలబడతాడు. అలాంటిదాన్ని ఔట్‌లయర్ అంటారు. లెక్క చెడగొడుతుంది కాబట్టి తీసేసే పద్ధతి కూడా ఉంది. చూశారా? నిజం ఒంటరిగా వస్తే దానికి శాస్త్రం ఎంత మర్యాదైన పేరు పెట్టిందో!

ఇక మిగిలింది ఒక్కటే. ఆదివారం వాళ్లే వచ్చి నలుగురి ముందు చెప్పాలి.

"నీ నోటితోని చెప్పాలె తాతా," అంది అశ్రిత. "నువ్వు మొదలు పెడ్తే మిగిలినవాళ్లు కూడా చెప్తరు. అప్పుడు డాడీ కాదనలేడు."

వస్తానన్నాడు కుర్మయ్య. మాట ఇచ్చాక ఆయనకు తిండి సహించలేదు. చెప్పవలసింది రెండే మాటలు. చేతనైతలేదు బిడ్డా. గొర్లను తోడేళ్లు పట్టినప్పుడు అనలేదు. మంద అమ్ముకున్నప్పుడు అనలేదు. పెళ్లాం పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్లతోనూ అనలేదు. శనివారం గడ్డం గీసుకుంటూ అద్దంలో ఒకసారి అని చూశాడు. అద్దంలో మనిషి నచ్చలేదు. అయినా కాలు కాలే కదా. పాదం పోతే పేరు ఏం చేసుకుంటాడు? అనేద్దామనే తీర్మానించుకున్నాడు.

ఆదివారం పొద్దున ఐలమ్మ, ఆయన కలిసి బయలుదేరారు. మిగిలినవాళ్లకు పనులున్నాయి. చిన్నగేటుకు తాళం వేసి ఉంది. ఒకటో తారీకుకు ముందే ఒక రోజు ట్రయల్ వేస్తున్నారట. అవతల నుంచి వాచ్‌మన్ సానుభూతిగానే చెప్పాడు. తాళంచెవి క్లబ్‌హౌస్‌లో ఉందన్నాడు. అభ్యంతరం చెప్పుకోవడానికి పోవాల్సింది కూడా అక్కడికే.

చుట్టూ తిరిగి పోయారు. గోడ వెంట పోతే నాలా వస్తుంది. నాలా మీద కల్వర్టు సగమే వేశారు. దిగి ఎక్కాలి. ఐలమ్మను దించడానికి కుర్మయ్య, కుర్మయ్యను ఎక్కించడానికి ఐలమ్మ. తర్వాత కొత్త వెంచరు. దానికీ గోడ ఉంది. ఆ గోడ చుట్టూ కూడా తిరగాలి. టిప్పర్లు పోయినప్పుడల్లా దుమ్ములో ఒకరికొకరు కనిపించలేదు. తూంకుంట వీధులు దాటి రోడ్డెక్కి, రోడ్డు మీద మళ్లీ వెనక్కి వస్తే కౌంటీ పెద్దగేటు.

అక్కడ ఎవరింటికి అని అడిగారు. ఎవరింటికీ కాదు, మీటింగుకు అన్నారు. మీటింగుకు ఇంటి నంబరు లేదు. ఇంటి నంబరు లేకపోతే ఓటీపీ రాదు. ఓటీపీ లేకుండా లోపలికి పంపే అధికారం సెక్యూరిటీకి లేదు. ప్రతాప్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆయన మీటింగులో ఉన్నాడు. చివరికి అశ్రిత చూసి పరిగెత్తుకొచ్చి తీసుకుపోయింది.

మీటింగ్ అప్పటికి అయిపోయింది. పాతవాడ నుంచి ఎవరూ రాలేదు, కాబట్టి అభ్యంతరాలు లేవు అని తీర్మానం రాసేశారు. సభ్యులు సమోసాలు తింటున్నారు.

ప్రతాప్ మర్యాద తెలిసిన మనిషి. రండి పెద్దాయనా, టీ తాగండి అని తనే కుర్చీ లాగాడు. కుర్మయ్య కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనని భయం. ఐలమ్మ గడప దగ్గరే కూలబడింది.

హాలంతా ఇటు తిరిగింది. అశ్రితకు ఇదే సమయం అనిపించింది. గట్టిగా, అందరికీ వినపడేలా అడిగింది.

"తాతా, ఇంటి నుంచి ఎప్పుడు బయలెల్లినవ్?"

కుర్మయ్య నోరు తెరిచాడు. ఆ రెండు మాటలూ నాలుక మీదే ఉన్నాయి. ఎదురుగా తెల్లటి టైల్స్. ఏసీ. తన ఈడువాళ్లే, తెల్ల బూట్లు వేసుకుని, పొద్దున వాకింగ్ చేసి వచ్చినవాళ్లు. వాళ్ల చేతుల మీద ఎన్ని అడుగులు నడిచారో చెప్పే గడియారాలు. అందరూ ఆయన కాళ్ల వైపే చూస్తున్నారు.

"ఇగ గిప్పుడే బిడ్డా," అన్నాడు. "చాయ్ తాగి, నిమ్మళంగ వచ్చినం."

"నేనైతె ఎప్పుడో వద్దును," అంది గడప దగ్గర నుంచి ఐలమ్మ, మోకాలు పట్టుకుని. "గీయన కోసం ఆగుకుంట వచ్చిన."

హాలులో కొందరు నవ్వారు. ప్రతాప్ చేతులు రెండూ కొంచెం పైకెత్తి, నేను చెప్పలేదా అన్నట్టు చూశాడు. సమోసాల పళ్లెం మళ్లీ కదిలింది.

అశ్రిత మాత్రం కింద చూస్తోంది. కుర్మయ్య నిలబడ్డ చోట తెల్ల టైల్ మీద తడి ఎర్రగా అంటింది.

తాళం తీయమని తండ్రిని అడిగింది. ట్రయల్ సాయంత్రం దాకా అన్నాడు ఆయన. ఒకరి కోసం తీస్తే అందరి కోసం తీయాలన్నాడు. అది కూడా న్యాయమే. అశ్రిత బ్యాగ్ భుజాన వేసుకుంది.

"పా తాతా. నేను కూడా మీతో ఇంటిదాకా నడుస్త."

కుర్మయ్య కంగారు పడ్డాడు.

"వద్దు బిడ్డా, వద్దు. మస్తు దూరం. నీతోని గాదు."

"ఎంత దూరం తాతా?"

"గంట మీదనే పడ్తది. నాలా దిగాలె, రాళ్లల్ల నడువాలె. ఎండ. నీ కాళ్లు బొబ్బలెక్కుతయి, బిడ్డా. నువ్వు ఇంట్లకు పో."

ఇదీ సంగతి. నీకు ఎంతసేపు అని అడిగితే చుట్టు గోడలన్నీ కూలిపోయి రోడ్డు ఇంటి ముందుకు వస్తుంది. ఇంకొకరి పిల్ల నడవాలనేసరికి ఉన్న దూరమంతా నోట్లో నుంచి పడింది. అశ్రిత అడిగిన ప్రశ్నలో ఒక్క తప్పూ లేదు. అడగాల్సింది మాత్రం వేరే ఉంది. ఈ పాఠం ఏ యూనిట్‌లో వస్తుందో ఫణిభూషణ్ సార్ సిలబస్‌లో నేను వెతికాను. కనపడలేదు.

ఆ పిల్ల వినలేదు. వాళ్ల వెంట నడిచింది.

మధ్యాహ్నం భోజనం వేళకు ప్రతాప్ ఫోన్ చేశాడు. ఎక్కడున్నావంటే నాలా దగ్గర అంది. అప్పుడు పోయినదానివి ఇంకా అక్కడే ఉండడమేమిటి, ఏదైనా జరిగిందా అని ఆయన గొంతు మారింది. ఏం జరగలేదు డాడీ, నడుస్తున్నం, తాత ఆగాగి నడుస్తున్నడు, అవ్వ కూసుంటున్నది, నాకు చెప్పు కొరికింది, నీళ్ల సీసా అయిపోయింది అని చెప్పింది. ఎండ నలభై దాటింది.

ప్రతాప్ ఏసీ హాలులో నుంచి లేచాడు. ఎవర్నీ అడగలేదు. తీర్మానం మార్చలేదు. తాళంచెవి తీసుకుని తనే చిన్నగేటు దగ్గరికి పోయాడు. గేటు బార్లా తెరిచి, చేయి అడ్డం పెట్టుకుని గోడ వెంట దూరంగా చూస్తూ నిలబడ్డాడు. ఆ నిలబడటం మాత్రం నిమిషాల్లో ఎవరూ కొలవలేదు.

సోమవారం అత్యవసర సమావేశం. కొత్త సమాచారం వెలుగులోకి వచ్చిందని ప్రతాప్ చెప్పాడు. చుట్టూ తిరిగితే గంటకు పైనే పడుతుందని విశ్వసనీయంగా తెలిసిందన్నాడు. ఎవరి ద్వారా అని ఎవరూ అడగలేదు. సగటు ఎంత, విచలనం ఎంత అని కూడా అడగలేదు. చిన్నగేటు ఉంచాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. కుక్కలకు క్లబ్‌హౌస్ పక్కన చోటు చూశారు. తీర్మానంలో మానవతా దృక్పథం అనే మాట రెండుసార్లు వచ్చింది.

కుర్మయ్య రోజు విడిచి రోజు ఆ గేటు దారినే పోతున్నాడు. డాక్టరు మడమ నొక్కి చూసి, ఫరవాలేదు, మానుతోంది అన్నాడట. సంతోషం.

కాబట్టి స్టాటిస్టిక్స్‌ను ఎవరూ ఏమీ అనకండి. అది పాతవాడకు మేలే చేసింది. ముప్పై మందికి తక్కువైతే ఆ శాంపిల్‌ను నమ్మకూడదని మాత్రం పుస్తకాల్లో రాస్తున్నారు. దాన్ని వెంటనే దిద్దాలి. వాడ వాడంతటినీ అడిగినా బయటపడనిది, ఒక్క ఆడపిల్ల ఒక్క మధ్యాహ్నం నడిస్తే రుజువైంది.

అర్థశాస్త్రం చదివే పిల్లలకు నా మనవి ఒక్కటే. శాంపిల్ ఎంత పెద్దది అని దిగులు పెట్టుకోకండి. మంచి ఇంట్లో నుంచి తీయండి.